కొత్త వీణ చేయించండి

విజయనగరంలో ముప్ఫై ఏళ్లుగా వీణ నేర్పుతున్నాను. పిల్లల్ని చేర్పించడానికి వచ్చేవాళ్లు ఈమధ్య తరచూ ఒకటే అడుగుతున్నారు: "టీచర్‌గారూ, ఎక్కడైనా పాత బొబ్బిలి వీణ దొరుకుతుందా? ఎంతైనా ఫర్వాలేదు." కొత్తది చేయించుకోండంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. పాత కర్రకున్న నాదం కొత్తదానికి రాదని వాళ్ల నమ్మకం. ఒకప్పుడు నాదీ అదే నమ్మకం.

నా దగ్గరున్నది మా అమ్మమ్మ వీణ. కుండా దండీ ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండి వీణ. దాని నాదమంతా వయసు మహిమేనని చెప్పుకునేదాన్ని. ఒక ఏడు మే ఎండలకి మెట్ల కింది మైనం మెత్తబడి మెట్లు కదిలిపోయాయి. తీగ జీరపోయింది, గమకం పలకలేదు. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లి తీసుకెళ్లాను. అక్కడి పనివాడు పాత మైనం గీకేసి, బొగ్గుపొడి కలిపిన కొత్త మైనం పెట్టాడు. మెట్టు నిలబెట్టడం, తీగ మీటి చెవొగ్గడం, వెంట్రుకవాసి జరపడం, మళ్లీ మీటడం. అలా 24 మెట్లకూ మేళం కట్టడం అయ్యాక వీణ నా ఒళ్లో పెట్టాడు. అమ్మమ్మ వాయించిన నాదం తిరిగొచ్చింది. "కర్రకి వయసుంటే చాలదమ్మా, మేళం కుదరాల" అన్నాడు.

విశాఖలో మా మేనల్లుడు గిటార్ వాయిస్తాడు. గిటార్ వాయించేవాళ్లలోనూ ఇదే వాదన. 1950ల నాటి ఫెండర్, గిబ్సన్ ఎలక్ట్రిక్ గిటార్లకు లక్షలు పోస్తారట. ఫెండర్ కంపెనీ 1965లో సీబీఎస్ అనే మరో సంస్థ చేతికి వెళ్లాక పనితనం తగ్గిందని వాయించేవాళ్ల ఫిర్యాదు. 1970ల గిటార్లకూ ఇప్పుడు యాభై ఏళ్లొచ్చాయి, కానీ వాటికి ఆ ధర పలకదు. వయసే గొప్పదైతే ఆ తేడా ఎందుకుంటుంది?

ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 2010లో 21 మంది వయొలినిస్టులకు వాద్యం కనబడకుండా కళ్లద్దాలు పెట్టి, మూడు కొత్త వయొలిన్లు, మూడు పాతవి వాయింపజేశారు. పాతవాటిలో రెండు ఎంతో పేరుమోసిన స్ట్రాడివేరియస్‌లు. ఎక్కువమందికి నచ్చింది ఓ కొత్తది, అన్నిటికన్నా తక్కువ నచ్చింది ఓ స్ట్రాడివేరియస్. ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పిన ఊరు మనది. చెవిని నమ్మడం మనకు ఒకరు చెప్పాలా?

బాగా ఆరిన కర్ర మేలే, కాదనను. పచ్చికర్రతో చేస్తే వీణ బీటలు తీస్తుంది. కాబట్టి చేయించేటప్పుడు కర్ర ఎన్నాళ్లు ఆరిందో తప్పక అడగండి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పాతకాలంలోనూ నాసిరకం వీణలు చేశారు. అవి ఎప్పుడో అటకెక్కాయి. మంచివి మిగిలాయి కనుక పాతవన్నీ మంచివేనని అనిపిస్తోంది.

గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా ఈ పని చేస్తున్నాయి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సన్మానాల్లో ఇచ్చే బుల్లి వీణలకు గిరాకీ ఉంది, సంతోషమే. వాయించే వీణ అడిగేవాళ్లు లేకపోతే మాత్రం దుంగ తొలిచే చెయ్యి, మేళం కట్టే చెవి తర్వాతి తరానికి అందవు. పాతదాని కోసం దళారుల చుట్టూ తిరిగే డబ్బుతో గొల్లపల్లి వెళ్లండి. పనివాడి ఎదుట కూర్చుని, కళ్లు మూసుకుని విని, మీ పిల్లకి కొత్త వీణ చేయించండి.

మా అమ్మమ్మ కొన్ననాడు ఆవిడ వీణా కొత్తదే.