తొట్టె ఎవరి కోసం?

పిల్లలూ!

చేతిలో నాలుగు డబ్బులు పడగానే చేపల తొట్టె కొనుక్కోవాలని మీలో చాలామందికి ఉంటుంది. కొనుక్కోండి, నేను వద్దనను. కాని ఒక్క మాట. కొట్టులో అన్నీ అమర్చి అమ్మే తొట్టెను ఉన్నదున్నట్టుగా వాడకండి. తొట్టెనూ చేపలనూ ఒకే రోజున ఇంటికి తేకండి. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మా బడి ప్రయోగశాల కోసం నేనే ఒక తొట్టె కొన్నాను. మూత, దీపం, నీటిని వడకట్టే ఫిల్టరు అన్నీ దానితోనే వచ్చాయి. ఆ సాయంత్రమే అందులో పన్నెండు చేపల్ని వదిలాము. వారం తిరిగేసరికి అవి పైకి వచ్చి నోళ్ళు తెరవసాగాయి. పదోరోజుకి రెండే మిగిలాయి. "నీళ్ళు తేటగానే ఉన్నాయి కదా మాస్టారూ, ఎందుకు చచ్చిపోయాయి?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబును అంతకుముందు నెలలోనే నత్రజని చక్రం పాఠంలో నల్లబల్ల మీద నేనే గీశాను! పాఠం పాఠంగానే ఉండిపోయింది, తొట్టె దాకా రాలేదు.

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియాయే వస్తుంది. దానికి రంగు లేదు. అందుచేత నీరు అద్దంలా మెరుస్తున్నా విషపూరితమై ఉండవచ్చు. చెరువులో ఒక రకం బాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా విషమే. మరొక రకం దానిని నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు వల్ల ప్రమాదం చాలా తక్కువ, పైగా మొక్కలకు అది ఎరువు. ఈ బాక్టీరియాను వేరుచేసి చూపినవాడు రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ, 1890 ప్రాంతంలో. కొత్త తొట్టెలో ఇవి చాలినన్ని ఉండవు. పెరగడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మా చేపలకు మేము ఒక్క రోజు కూడా ఇవ్వలేదు.

కనుక మొదట మార్చవలసింది ఫిల్టరు. చాలా తొట్టెల్లో బొగ్గు నింపిన చిన్న సంచి ఉంటుంది. నెలకోసారి దాన్ని పారేసి కొత్తది వేయమంటారు. ఆలోచించండి, బాక్టీరియా స్థిరపడేది అక్కడే! సంచితోపాటు వాటినీ పారేస్తున్నామన్నమాట. దాని బదులు ఒక ముతక స్పాంజి ముక్కను కోసి అమర్చండి. మురికి పట్టినప్పుడు కుళాయి కింద కడగవద్దు, క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది. తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి. తొట్టెలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గులన్నీ తీయించడం మరచిపోకండి.

రెండవది మూత. ఉష్ణమండలపు చేపలకు 24 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ వేడి సరిపోతుంది. మన వేసవిలో గదిలో పెట్టిన నీరే అంతకు మించుతుంది. పైన బిగుతైన మూత, దాని కింద దీపం! 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నరే కరుగుతుంది. మూత తీసి దోమతెర బిగించండి. నీరు ఆవిరై తొట్టె కాస్త చల్లబడుతుంది, కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇది. తరిగిన నీటిని మళ్ళీ పోస్తూ ఉండాలి.

ఆకారం మాత్రం కొన్న తరువాత మార్చలేము, కొనేముందే చూసుకోవాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టెలో 54 లీటర్లు పడతాయి. దానినే నిలువుగా నిలబెట్టినట్టుండే తొట్టెలోనూ 54 లీటర్లే. కాని గాలి తగిలే నీటి ఉపరితలం మొదటిదానిలో 1800 చదరపు సెంటీమీటర్లు, రెండవదానిలో 900 మాత్రమే. నిలువు తొట్టె మన కంటికి అందం. చేపకు కావలసింది వెడల్పు. గుండ్రటి చిన్న గాజుపాత్ర సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇక ప్లాస్టిక్ మొక్కలు తీసేసి, కిరణజన్య సంయోగక్రియ ప్రయోగానికి వాడే హైడ్రిల్లానే నాటండి. మొక్కలు, నత్తలు, చేపలు ఒకదానికొకటి తోడ్పడతాయని ఇంగ్లండులో రాబర్ట్ వారింగ్టన్ 1850లోనే నిరూపించాడు. అదేమీ కొత్త సంగతి కాదు, మనం మరచిన సంగతి.

"నెలరోజులు ఖాళీ తొట్టె చూస్తూ కూర్చోవాలా?" అంటారేమో. అది ఖాళీ తొట్టె కాదు. ఫిల్టరు ఆపకుండా, రోజూ చిటికెడు మేత వేయండి. అమ్మోనియా, నైట్రైటు పరీక్షించే రంగుచుక్కలు చేపల కొట్లలోనే దొరుకుతాయి. వచ్చిన విలువలతో గ్రాఫు గీయండి. మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తరువాత నైట్రైటు పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నాకి చేరిన తరువాత సగం నీరు మార్చి, మొదట రెండు మూడు చేపల్ని మాత్రమే వదలండి.

"చేప ఖరీదెంత? చస్తే ఇంకోటి కొనుక్కోవచ్చు" అనేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. చెరువులో నీరు చెడితే చేప మరో మూలకు పోగలదు. తొట్టెలో ఎక్కడికి పోతుంది? దాన్ని అక్కడ పెట్టింది మనం, కాబట్టి నీటి బాధ్యత కూడా మనదే.

మా తొట్టెను మళ్ళీ ఈ విధంగానే సిద్ధం చేశాము. రోజువారీ లెక్కలు రాసింది ఆ ప్రశ్న అడిగిన అమ్మాయే. నలభై రెండో రోజున మూడు గప్పీలు వేశాము. వేసవి సెలవుల ముందు అవి పిల్లల్ని పెట్టాయి.