ఎవరితో పోల్చారు?

పదో తరగతి ఫలితాలు రాగానే కెరీర్ కౌన్సెలింగ్ ప్రకటనలు మొదలవుతాయి. వాటిలో ‘సవరించిన సరికొత్త ఎడిషన్ అభిరుచి పరీక్ష’ అనే మాట చూసి తల్లిదండ్రులు ధీమాపడతారు. ఎడిషన్ మారింది సరే, లోపల ఏం మారిందో మాత్రం ఎవరూ అడగరు. అడిగి తీరాలని నా అభిప్రాయం.

ఈ పరీక్షల్లో పేరుమోసినది స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు ఎడ్వర్డ్ స్ట్రాంగ్ 1927లో తెచ్చిన ప్రశ్నావళి. ఒక వృత్తిలో కుదురుకుని తృప్తిగా ఉన్నవాళ్లు ఏవి ఇష్టమన్నారో, ఏవి కాదన్నారో చూస్తారు. మామూలు జనం జవాబులకూ వీళ్ల జవాబులకూ తేడా ఎక్కడుందో పట్టుకుంటారు. మన జవాబులు ఆ వృత్తివాళ్లతో ఎంత కలిస్తే అంత స్కోరు. అంటే అది చెప్పేది పోలికే గాని ప్రతిభ కాదు. అందుకే ఎవరితో పోల్చారన్నది ముఖ్యం.

1933లో ఆడవాళ్లకు వేరే ఫారం వచ్చింది. తర్వాతి కాలంలో మగవాళ్లది నీలం, ఆడవాళ్లది గులాబీ. కౌన్సెలింగ్ నిపుణులు నాన్సీ ష్లాస్‌బర్గ్, జేన్ గుడ్‌మన్ 1972లో ఇందులోని అన్యాయాన్ని బయటపెట్టారు. ఒకే స్త్రీ రెండు ఫారాలూ నింపితే గులాబీది ఆమెను దంతవైద్యుడి సహాయకురాలిగా పొమ్మంది, నీలంది డాక్టరు కావచ్చంది. ఆమె ఇష్టాలు మారలేదు, కాగితం రంగు మారిందంతే! ఎందరు అమ్మాయిలు ఆ గులాబీ కాగితాన్ని నమ్మి వెనక్కి తగ్గారో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. నిరసనలు పెరిగాక, 1974లో మనస్తత్వవేత్త డేవిడ్ క్యాంప్‌బెల్ రెండింటినీ కలిపి ఒకే ఫారం చేశాడు. సవరణ అని దాన్ని అనాలి.

అయినా వృత్తుల స్కోర్లకు ఆడవాళ్ల నమూనా, మగవాళ్ల నమూనా విడిగానే ఉండిపోయాయి. 2004 సవరణలో ప్రశ్నలు 317 నుంచి 291కి తగ్గాయి, మూడు రకాల జవాబులు ఐదయ్యాయి. మంచి మార్పులే. కానీ మామూలు జనంగా పోలికకు తీసుకున్న 2,250 మందీ అమెరికావాళ్లు.

ఇప్పుడు మన పిల్లల సంగతి. ఇలాంటి పరీక్షలు ఎక్కువగా ‘ఫలానా పని మీకు ఇష్టమా?’ అని అడుగుతాయి. తెల్లారుజాము స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్న కుర్రాడు కోర్టు మెట్లెక్కి ఉండడు, ప్రయోగశాలలో పరికరాన్ని చేత్తో పట్టి ఉండడు. వరసగా ‘చెప్పలేను’ అని గుర్తు పెడుతూ పోతాడు. రిపోర్టులో గీతలన్నీ అడుగునే ఉంటాయి. దాన్ని చూసి ‘మీవాడికి దేనిమీదా ఆసక్తి లేదండీ’ అని తండ్రితో చెప్పడం ఘోరం. వాడు చూడనివాటి గురించి అడిగారు, వాడు నిజం చెప్పాడు.

నేను ఈ పరీక్షలు వద్దనడం లేదు. తెలిసిన కౌన్సెలర్ చేతిలో అవి మాట కలపడానికి బాగా పనికొస్తాయి. అయితే డబ్బు కట్టే ముందు తల్లిదండ్రులు మూడు సంగతులు అడగాలి: ఎవరి జవాబులతో పోలుస్తున్నారు, అవి ఏ సంవత్సరానివి, అమ్మాయిలకూ అబ్బాయిలకూ లెక్క ఒకటేనా. జవాబు రాకపోతే ఆ ఫీజు మిగుల్చుకుని, వేసవి సెలవుల్లో పిల్లలను తెలిసిన వకీలు దగ్గరికో, మెకానిక్ షెడ్డుకో, వ్యవసాయ పరిశోధన కేంద్రానికో వారం చొప్పున పంపండి. పరీక్ష ఆ తర్వాత రాయించవచ్చు.