జబ్బుపడిన సభ్యుని స్థానం

మీ తరగతి లీడరు జబ్బుపడితే మాస్టరుగారు ఆ పని మరొకరికి అప్పగిస్తారు. మరి శాసనసభ్యుడు మంచం పడితే? అతణ్ణి ఎన్నుకున్నది ప్రజలు గనక, అంత తేలికగా మార్చటానికి వీల్లేదు.

అమెరికాలో దక్షిణ డకోటా రాష్ట్రం తరఫున కార్ల్ మంట్ అనే సెనేటు సభ్యుడుండేవాడు. 1969 నవంబరులో ఆయనకు పక్షవాతం వచ్చింది. మళ్ళీ సభకు రాలేకపోయాడు. జబ్బు చేస్తే సభ్యత్వం పోతుందని అక్కడి రాజ్యాంగంలో లేదు. అందుచేత 1973 జనవరిలో గడువు తీరేదాకా ఆ స్థానం ఆయనదే! రాష్ట్రానికి ఇద్దరేసి సభ్యులు గదా. మూడేళ్ళకు పైగా ఆ రాష్ట్రం తరఫున సభలో ఓటు వేసినవాడు ఒక్కడే.

మన రాజ్యాంగం రెండు వైపులా ఆలోచించింది. జబ్బుపడిన సభ్యుడు సెలవు కోరితే సభ అనుమతి ఇవ్వవచ్చు. అనుమతి లేకుండా 60 రోజులు సమావేశాలకు రాకపోతే మాత్రం, ఆ స్థానం ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు. అప్పుడు ప్రజలు ఉపఎన్నికలో మరొకరిని ఎన్నుకుంటారు.

జబ్బు నేరం కాదు. రోగిని దయగా చూడవలసిందే. కాని అతని కుర్చీ ఖాళీగా వున్నన్నాళ్ళూ అతణ్ణి పంపిన ప్రజల మాట సభలో వినపడదు. మరి ఎన్నాళ్ళు ఆగటం న్యాయం? మీ అమ్మానాన్నలతో కలిసి ఆలోచించండి.