బ్రేకు వేస్తే బ్యాటరీ నిండుతుందా?

మా మేనకోడలికి ఎలక్ట్రిక్ సైకిలు కొందామని పోయినవారం అందరం కలిసి షాపుకెళ్లాం. 'బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ ఛార్జవుతుంది సార్. ఇక కరెంటు ఖర్చేముంది!' అన్నాడు అమ్మే కుర్రాడు. మా బావ మొహం వెలిగిపోయింది. పిల్ల మాత్రం 'నిజమేనా మావయ్యా?' అని నా చెవిలో అడిగింది. నిజమే. కాకపోతే ఎంత నిజమో లెక్క చూడాలి.

ఈ సైకిళ్లలో చాలావాటికి మోటారు చక్రం మధ్యలోనే ఉంటుంది. దాన్నే హబ్ మోటారు అంటారు. ఇరుసుకి బిగించిన తీగచుట్టలు కదలవు. వాటి చుట్టూ అయస్కాంతాలున్న డబ్బా తిరుగుతుంటే, చక్రమూ తిరుగుతుంది. కొత్త ఆలోచనేం కాదిది. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన వెనక చక్రంలో మోటారున్న సైకిలుకి 1895లోనే పేటెంటు తీసుకున్నాడు!

పాత సైకిళ్లకి టైరుని ఒరుసుకుంటూ తిరిగే డైనమో గుర్తుందిగా? దాన్ని టైరుకి ఆనించగానే లైటు వెలిగేది, తొక్కడం బరువయ్యేది. ఇక్కడా అంతే. బ్రేకు నొక్కగానే మోటారు డైనమోగా మారి కరెంటు పుట్టిస్తుంది. ఆ 'బరువే' సైకిలు వేగాన్ని తగ్గిస్తుంది.

మరి పుట్టే కరెంటెంత? మనిషీ సైకిలూ కలిపి 100 కిలోలు, వేగం గంటకి 25 కిలోమీటర్లు అనుకుందాం. అందులో ఉన్న శక్తి మొత్తం 0.67 వాట్ అవరే. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో పట్టేదేమో 360 వాట్ అవర్లు. అంటే ఒక్క చుక్కా వృథా కాకపోయినా, బ్యాటరీ నిండాలంటే అయిదొందలసార్లకు పైగా ఆగాలి! నిజానికి గాలికీ, రాపిడికీ, వేడికీ పోగా దక్కేది ఇంకా తక్కువ. కొండ దిగేటప్పుడు మాత్రం కాస్త నయం. 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే 27 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. అందులో కొంతైనా వెనక్కొస్తుంది, బ్రేకు కట్టలూ తొందరగా అరగవు.

అసలు జాగ్రత్త ఇక్కడే. ఇల్లు మిట్ట మీదుండి, రాత్రంతా ఛార్జింగు పెట్టి పొద్దున్నే పల్లానికి దిగారనుకోండి. నిండిన కుండలో నీళ్లు పట్టనట్టే నిండిన బ్యాటరీకి కరెంటు ఎక్కదు. దాంతో ఆ బ్రేకు పట్టు తగ్గిపోతుంది. పైగా లోపల గేర్లున్న చిన్న హబ్ మోటార్లు చాలావాటిలో ఫ్రీవీలు ఉంటుంది. చక్రం తిరిగినా మోటారు తిరగదు, కరెంటూ పుట్టదు. కాబట్టి రెండు చక్రాలకీ మామూలు బ్రేకులు గట్టిగా ఉండాల్సిందే.

చక్రం సైజూ చూడాలి. మోటారు నిమిషానికి 200 చుట్లు తిప్పితే 26 అంగుళాల చక్రం గంటకి దాదాపు 25 కిలోమీటర్లు పోతుంది. 20 అంగుళాలదైతే 19 కిలోమీటర్లే. అయితే అదే మోటారుతో నేలని నెట్టే బలం చిన్న చక్రానికి 30 శాతం ఎక్కువ. మిట్టలున్న ఊళ్లో పెద్ద చక్రంతో మెల్లగా ఈడ్చుకుంటూ ఎక్కితే మోటారు వేడెక్కుతుంది. చదును రోడ్డైతే పెద్ద చక్రమే హాయి, గుంతల్లో కుదుపు తక్కువ.

మా బావా వాళ్లిల్లు మిట్ట మీదే. అందుకే 20 అంగుళాల చక్రాలు, రెంటికీ డిస్కు బ్రేకులు ఉన్నది తీసుకున్నాం. 'మరి కరెంటు ఆదా?' అన్నాడు బావ దిగులుగా. ఆ బ్యాటరీ పూర్తిగా నిండటానికి అరయూనిట్టు కూడా పట్టదని చెప్పాక నవ్వేశాడు. ఆదా చేయాల్సింది అరయూనిట్టు కాదు, పల్లంలో దిగే పిల్లని!