ఐమాక్స్‌కి వెళ్తున్నారా?

పిల్లలకి సెలవులిచ్చారంటే ఊళ్ళనుంచి చుట్టాలు దిగుతారు. హైదరాబాదులో కాపురమున్న వాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పాలా! చార్మినారు, జూపార్కు అయ్యాక పిల్లలడిగేది ఒకటే: "పిన్నీ, ఐమాక్స్‌కి తీసుకెళ్ళవూ?"

హుసేన్‌సాగర్ దగ్గర, ఎన్టీఆర్ గార్డెన్ పక్కన 2003లో తెరిచిన ప్రసాద్స్ సంగతే ఇది. 'మిస్సమ్మ' దర్శకులు ఎల్వీ ప్రసాద్ గారి కుటుంబం వాళ్ళు కట్టించారు. ఐమాక్స్ తెర ఇప్పుడక్కడ లేదు, వేరే పెద్ద తెర పెట్టారు. అయినా జనం నోట్లో పాత పేరే నానుతోంది. సినిమాహాళ్ళు, షాపులు, ఫలహారాలు, పిల్లల ఆటలు అన్నీ ఒక్కచోటే.

అంతదూరం వెళ్ళి మనలో చాలామంది చేసేదేమిటి? సంచులకి కాపలా! "నేను బయట కూర్చుంటాలే, ఒక టికెట్టు డబ్బులు మిగుల్తాయి" అంటాం. వద్దమ్మా, ముందు మీ టికెట్టు కొనిపించండి. మిగల్చాలంటే వేరే దారులున్నాయి. మధ్యాహ్నం ఆటకైతే కడుపునిండా అన్నం పెట్టి మరీ బయల్దేరదీయండి. ఆకలి మీదున్న పిల్లాడికి పాప్‌కార్న్ వాసన తగిలితే పర్సు ఖాళీయే. చిరుతిళ్ళకింత, ఆటలకింత అని ఇంట్లోనే లెక్కకట్టి, ఆ డబ్బు పెద్దపిల్ల చేతికివ్వండి. మిమ్మల్ని అడగడం మాని వాళ్ళల్లో వాళ్ళే బేరాలాడుకుంటారు, చూడండి.

పులిహోర డబ్బా పట్టుకెళ్ళి గేటు దగ్గర వాదించి లాభం లేదు. బయటి తిండి వద్దనే హక్కు సినిమాహాళ్ళవాళ్ళకుందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మంచినీళ్ళు మాత్రం ఉచితంగా ఇవ్వాల్సిందే. పసిపిల్లల కోసం తెచ్చుకున్న ఆహారాన్ని కూడా, మితంగా ఉంటే, ఆపకూడదు. ఇవీ ఆ కేసులోవే. కాబట్టి చంటివాడి ఉగ్గుగిన్నె దాచుకుని వెళ్ళాల్సిన పనిలేదు. నీళ్ళెక్కడున్నాయో మొహమాటపడకుండా అడగండి. సీసా కొన్నారా, దానిమీద అచ్చువేసిన ధరకి మించి ఇవ్వకండి.

ఇక కదిలే మెట్లు. చీరలతో జాగ్రత్త! ఎక్కేముందే కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుని, పైట చెంగు దోపుకోండి. రెండోచేత్తో పక్కనున్న పట్టీ పట్టుకోండి. అంచులకి ఆనకుండా మెట్టు మధ్యలో నిలబడాలి. చివర్లో గబుక్కున అడుగేసి పక్కకి తప్పుకోవాలి, వెనకవాళ్ళు వచ్చి మీదపడతారు. పిల్లల్ని మెట్ల మీద కూర్చోనివ్వద్దు. అత్తగారు భయపడితే బలవంతం చేయకండి. ఆవిడతోబాటు ఒకరు లిఫ్టులో వెళ్ళండి.