చేనేత చీరల ఆన్‌లైన్ దుకాణానికి ఏ సాఫ్ట్‌వేర్? – సర్వసభ్య సమావేశ తీర్మానం

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల నేతగాళ్లు, చీరల వ్యాపారులు కలిసి నడుపుకుంటున్న మన సంఘం, ఆన్‌లైన్ అమ్మకాల అంశాన్ని సర్వసభ్య సమావేశంలో చర్చించి ఈ కింది విధంగా తీర్మానించింది.

మదురై నాయక రాజుల నాటి నుంచి ఈ నేల మీద మనవాళ్లు సేద్యం చేశారు, మగ్గం నేశారు, అంగళ్లు పెట్టారు. ఆ తరవాత కోయంబత్తూరు మిల్లులూ పంపుసెట్ల కర్మాగారాలూ ఎందరికో బతుకుతెరువయ్యాయి. మగ్గాన్ని విడవని ఇళ్లు మాత్రం ఇంకా ఉన్నాయి. పొల్లాచ్చి దగ్గర నెగమంలో నూలు చీరలు, మేట్టుపాళయం దారిలో సిరుముగైలో పట్టు, నూలు కలిపి నేసే కోరా కాటన్ చీరలు తయారవుతున్నాయి. ఈ పనిలో కన్నడం, తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబాలది పెద్ద చేయి. మదురైలో సౌరాష్ట్ర కుటుంబాలు ముడులు వేసి రంగులద్దే సుంగుడి చీరలను మన అంగళ్లు ఎప్పటినుంచో అమ్ముతున్నాయి. సుంగుడికి 2005లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇంతటి సరుకును నేడు మనం వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి అమ్ముతున్నాం. ఈ పద్ధతి ఇక సాగదని సభ గుర్తించింది. మిల్లు చీర ఒకే రంగులో వంద ఉంటుంది. చేతి ముడి సుంగుడి అలా కాదు. చుక్కల వరస ఒక చీరలో ఉన్నట్టు మరో చీరలో ఉండదు. ఒక్క ఫొటోకి హైదరాబాదు నుంచి ఒకరు, బెంగళూరు నుంచి ఒకరు డబ్బు పంపి స్క్రీన్‌షాట్ పెడితే చీర ఒకరికే దక్కుతుంది. రెండోవారికి డబ్బు తిరిగిస్తాం, కానీ వారు మళ్లీ మన దగ్గరికి రారు.

సభ ముందుకు రెండు ప్రతిపాదనలు వచ్చాయి. చీరల కథలు రాసుకోవడానికి మన పిల్లలు ఇప్పటికే వాడుతున్న బ్లాగు వేదికనే దుకాణంగా మార్చాలన్నది మొదటిది. షాపిఫై, ఓపెన్‌కార్ట్, మజెంటో లాంటి ప్రత్యేక దుకాణ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలన్నది రెండోది.

బ్లాగర్ లాంటి ఉత్త బ్లాగు మీద దుకాణం పెట్టడాన్ని సభ తిరస్కరించింది. అక్కడ రాతకు చోటుంది గానీ సరుకు లెక్కకు చోటు లేదు. కొనుగోలు బుట్ట ఉండదు, అమ్ముడైన చీర తనంతట తాను పక్కకు తప్పుకోదు. పేజీ చివర వాట్సాప్ నంబరు పెడితే పాత తిప్పలే మళ్లీ మొదలవుతాయి.

వర్డ్‌ప్రెస్ సంగతి వేరు. అది 2003లో బ్లాగు సాఫ్ట్‌వేర్‌గానే పుట్టినా, 2011లో వచ్చిన వూకామర్స్ ప్లగిన్‌ను జత చేస్తే పూర్తి దుకాణంగా పనిచేస్తుంది. నిల్వ ఒకటి అని నమోదు చేస్తే, ఆ చీర అమ్ముడైన వెంటనే మరొకరు కొనే వీలుండదు. ఆర్డరు పెట్టి డబ్బు కట్టని వారి కోసం చీరను ఎన్ని నిమిషాలు ఆపాలో కూడా మనమే నిర్ణయించుకోవచ్చు. మామూలుగా అది 60 నిమిషాలు. ఆ గడువు దాటితే చీర మళ్లీ అమ్మకానికి వస్తుంది. మన అవసరానికి ఆయువుపట్టు ఇదే.

ప్రత్యేక సాఫ్ట్‌వేర్ల గుణాలను సభ కాదనలేదు. షాపిఫైలో సర్వర్ బాధ్యత వాళ్లదే, రెండు ఊళ్ల గోదాముల నిల్వను వేరువేరుగా చూపగలదు. అయితే అమ్మకాలు మందకొడిగా ఉండే ఆషాఢంలోనూ నెల అద్దె తప్పదు. అద్దె ఆపితే దుకాణం మూతపడుతుంది. మజెంటో పెద్ద సంస్థలకు తగినది, దాన్ని నడపడానికి నిపుణులు కావాలి. వూకామర్స్ ఉచితం, కొనుగోలుదారుల జాబితా, లెక్కలు మన సర్వర్‌లోనే ఉంటాయి. పైగా మన చీర కేవలం ధర చూసి అమ్ముడుపోదు. పడుగేది, పేకేది, కొంగు మీద పని ఎన్నాళ్లు పట్టింది, మొదటిసారి ఉతికేటప్పుడు రంగు వదులుతుందా అన్నవి చదివి కొంటారు. రాత, అమ్మకం ఒకే చోట ఉండడం మనకు మేలు.

కావున వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్‌తో సంఘం దుకాణం తెరవాలని ఇందుమూలంగా తీర్మానించడమైనది. డొమైన్ పేరు, హోస్టింగ్ ఖాతా సంఘం పేరిటే ఉండాలి. ఏ ఒక్కరి సొంత ఈమెయిలు మీదా ఉండరాదు. ప్లగిన్లు అవసరమైనవే పెట్టాలి. ప్రతి రాత్రీ బ్యాకప్ తీసి వేరే చోట దాచాలి. అప్‌డేట్లను ముందు నకలు సైటులో పరీక్షించాకే అసలు దుకాణంలో పెట్టాలి. దీనికి బాధ్యుడిని నియమించి జీతం ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ దాన్ని కాపాడే మనిషి శ్రమ ఉచితం కాదు.

డబ్బు చెల్లింపు గేట్‌వే ద్వారానే రావాలి, స్క్రీన్‌షాట్‌ను రసీదుగా ఒప్పుకోరాదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు కార్డు నంబర్లు దాచుకోకూడదు. కనుక ఫోనులో కార్డు వివరాలు అడిగి రాసుకునే అలవాటు ఎవరికైనా ఉంటే నేటితో మానాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల మేరకు ఫిర్యాదుల అధికారి పేరు, హోదా, సంప్రదింపు వివరాలు సైటులో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అధీకృత వాడుకదారుగా నమోదైన నేతగాళ్ల సరుకు మీద తప్ప భౌగోళిక గుర్తింపు ముద్ర చూపరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన షరతు సాఫ్ట్‌వేర్‌తో తీరేది కాదు. సైటులో పెట్టిన చీరను మదురై అంగట్లో ఎవరైనా చేతికిచ్చి అమ్మేస్తే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు. అందుచేత ఫొటో తీసిన చీరకు నంబరు చీటీ కుట్టి, కోయంబత్తూరు గోదాములో వేరే అలమరలో పెట్టాలి. ఆ చీరను అంగడిలో వేలాడదీయరాదు. సుంగుడి అయినా సరే, సైటుకు వెళ్లేది ముందు కోయంబత్తూరు రావాలి.

వివరాలు తమిళం, ఇంగ్లీషు, తెలుగు మూడింటిలోనూ ఉండాలని సభ కోరింది. ఇంట్లో తెలుగు మాట్లాడినా తమిళంలోనే చదువుకున్న మన పిల్లలు ఈ దుకాణాన్ని నడపబోతున్నారు. కొనేవారిలో ఆంధ్ర, తెలంగాణల వారు ఎక్కువ. ఇద్దరికీ అర్థం కావాలి.

నెల అద్దె భారమైనా నిర్వహణ తలనొప్పి లేని సాఫ్ట్‌వేరే మేలని కొందరు యువ సభ్యులు చెప్పిన భిన్నాభిప్రాయాన్ని నమోదు చేయడమైనది. వారి భయం న్యాయమైనదే. బాధ్యుడు దొరకకపోయినా, రెండు గోదాముల నుంచి పంపాల్సినంతగా అమ్మకాలు పెరిగినా, ఏడాది తిరిగాక ఈ అంశాన్ని మళ్లీ సభ ముందు పెట్టాలి.

ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం నాటికి దుకాణం తెరవాలి. సభ్యులందరూ మొదటి విడత చీరలను, నేసినవారి పేరు, ఊరు, నూలు వివరాలు రాసిన చీటీతో సహా, జులై నెలాఖరులోగా కోయంబత్తూరు గోదాముకు చేర్చవలసిందిగా సభ కోరుతున్నది.