కామన ప్రమాణం కాదు



అర్చకునికి అమెరికా అధ్యక్ష ఎన్నికలతో పని ఏమిటని సహృదయులైన పాఠకులు అడుగవచ్చును. ఆ విషయంలో నా దోషం ఒకటి ఉన్నది. దానిని చెప్పుకోకుండా ఇతరులను విమర్శించడం ధర్మం కాదు.

2012లో ఒహాయో రాష్ట్రంలో స్థిరపడిన మన తెలుగు గృహస్థు ఒకరు ఫోను చేసి, రిపబ్లికన్ అభ్యర్థి మిట్ రామ్నీ విజయార్థం అర్చన చేయమన్నారు. చేశాను. అంతటితో ఊరుకొనక, "విజయం తథ్యం, సందేహం వద్దు" అని కూడా పలికాను. నవంబరు 6న ఎన్నిక జరిగింది. మొత్తం 538 ఎలెక్టరల్ ఓట్లలో గెలుపునకు 270 కావలసి ఉండగా, ఒబామాకు 332, రామ్నీకి 206 వచ్చాయి. వారం గడిచాక ఆయన అడిగిన ప్రశ్న నేటికీ నా చెవులలో ఉన్నది: "పంతులుగారూ, మంత్రం తప్పిందా, దేవుడు తప్పాడా?"

రెండూ కాదు. నా నోరు తప్పింది. నాకు లేని జ్ఞానాన్ని ఉన్నట్లు పలికి, ఒక భక్తుని శ్రద్ధను ఓట్ల లెక్కింపునకు తాకట్టు పెట్టాను.

ఆ సంవత్సరం సంప్రదాయవాదులైన ఓటర్లలో ఎందరో చేసిన పొరపాటు కూడా ఇదే. సర్వేలలో డెమొక్రాట్లను అధికంగా చేర్చుకున్నారనీ, ఆ పాలు తగ్గించి లెక్కిస్తే రామ్నీదే పైచేయి అనీ వాదించారు. అలా సవరించిన లెక్కల కోసమే ఒక వెబ్‌సైటు వెలసింది. న్యాయశాస్త్ర దృష్టితో చూడండి. మంచును పొగ అని భ్రమించి కొండపై నిప్పున్నదని అనుమానించడం వంటిది ఇది. ఇక్కడ హేతువే అసిద్ధం. వయస్సు వలె పార్టీ అభిమానం స్థిరమైన లక్షణం కాదు. తమ పార్టీపై అలిగిన సంప్రదాయవాదులు అనేకులు అప్పటికే తమను స్వతంత్రులమని చెప్పుకొంటున్నారు. అందుచేతనే స్వతంత్ర ఓటర్లలో ఆధిక్యం పొందిన రామ్నీ ఎన్నికలో ఓడిపోయారు. పిమ్మట ఆ వెబ్‌సైటు నిర్వాహకుడు తన లెక్క తప్పిందని బహిరంగంగా అంగీకరించాడు. ఆ మాట వరకు ఆయన నాకంటే పెద్దమనిషి.

ఫలితాల రాత్రి ఫాక్స్ న్యూస్ ఛానెల్ వారి గణాంక నిపుణులే ఒహాయో ఒబామాదని ప్రకటించగా, అదే ఛానెల్‌లో కూర్చున్న కార్ల్ రోవ్ అది తొందరపాటు అని ఆక్షేపించారు. వ్యాఖ్యాత్రి లేచి నిపుణుల గదికి వెళ్ళి అడిగితే, వారు తమ నిర్ణయం మార్చుకోలేదు. ప్రత్యక్షం ఎదుట నిలిచినా కామన చోటు విడువదనుటకు ఇంతకంటె దృష్టాంతం కావాలా?

ఇక పూర్వపక్షం. "మనవాళ్ళే ఓటమిని శంకిస్తే కార్యకర్తల ఉత్సాహం చస్తుంది, శంకించేవాడు ద్రోహి" అంటారు. సంజయుడు కౌరవుల కొలువులోని వాడే. భీష్ముడు పడినాడని, ద్రోణుడు పడినాడని ధృతరాష్ట్రునికి చెప్పినవాడు ఆయనే. దుర్వార్త చెప్పినంత మాత్రాన ఆయన పాండవుల వేగు కాలేదు. ధృతరాష్ట్రునికి కన్నులు లేకపోవడం కంటె, విన్నదానిని పుత్రమోహంతో త్రోసిపుచ్చడమే పెద్ద అంధత్వం. ఓడుతున్న చోటు తెలిసిన సైన్యమే అక్కడ బలగాన్ని పెంచగలదు.

రెండవ పూర్వపక్షం మరింత బలమైనది. "2016లో సర్వేలు తప్పలేదా? విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా రాష్ట్రాలు ట్రంప్‌కు దక్కలేదా?" అంటారు. దక్కాయి. దేశం మొత్తం మీద హిల్లరీ క్లింటన్‌కు సుమారు 29 లక్షల ఓట్లు అధికంగా వచ్చినా అధ్యక్ష పదవి ట్రంప్‌దే అయినది. కాని దీనివలన సిద్ధించేది సర్వే దోషరహితం కాదన్నంతవరకే. దోషం ఎల్లప్పుడూ మనకు అనుకూలించే దిక్కునే ఉంటుందన్న వ్యాప్తి ఎక్కడ సిద్ధించింది? 2012లో గాలప్ సంస్థ చివరి సర్వే రామ్నీకి 49, ఒబామాకు 48 శాతం చూపింది. అది తప్పినది రామ్నీకి అనుకూలంగానే. 1936లో లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా అభిప్రాయపత్రాలను లెక్కించి రిపబ్లికన్ లాండన్ గెలుస్తాడన్నది. ఆయనకు దక్కినవి మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాలు రెండే. దీపం మసకగా ఉన్నదని కన్నులు మూసుకొని నడచువానికి దారి కనబడదు.

సంప్రదాయాన్ని కాపాడుకొనవలెనన్న వారి తపన నాకు పరాయిది కాదు. నా జీవితమే దానికి అంకితం. కనుకనే గట్టిగా చెబుతున్నాను. మన పెద్దలు ఏ వాదంలోనైనా మొదట అడిగినది "ప్రమాణం ఏమి?" అని. ఆ ప్రశ్నను విడిచినవాడు దేనిని కాపాడుతున్నట్లు? శ్రద్ధ వేరు, కామన వేరు. శ్రద్ధ సత్యాన్ని వినడానికి ధైర్యమిస్తుంది. కామన తనకు నచ్చిన మాటనే వింటుంది.

ఆ గృహస్థు పిమ్మట ప్రతి ఎన్నికకూ అర్చన చేయిస్తూనే ఉన్నారు. 2020లో ట్రంప్ 232–306తో ఓడినప్పుడు, 2024లో 312–226తో గెలిచినప్పుడు కూడా ఒకే సంకల్పం, ఒకే ప్రసాదం. జోస్యం మాత్రం చెప్పలేదు. "ఓటు మీది, ఫలం ఈశ్వరునిది, లెక్క లెక్కించేవారిది" అన్నాను. మంత్రం తప్పిందా అని ఆయన మరల అడుగలేదు.

స్వస్తి.